గుర్రం మీద వచ్చిన వెండి

ఆ ముఖం ఒకసారి చూస్తే మరిచిపోవడం కష్టం. గట్టి దవడ, మందపాటి మీసం, పట్టీ కట్టి బిగించిన జుట్టు, నుదుటి దగ్గర్నుంచి వెనక్కి సాగదీసినట్టుండే తల. బొరుసు వైపు తిప్పితే అతనే గుర్రమెక్కి కనిపిస్తాడు. వెనక గాలిలో తేలుతూ గ్రీకుల విజయదేవత నికే అతని తల మీద దండ పెడుతూ ఉంటుంది. 15 గ్రాములకు అటూ ఇటూ తూగే ఈ వెండి బిళ్ల మీద హెరాయోస్ అనే పేరూ కుషాణ అనే తెగ పేరూ గ్రీకు లిపిలో ఉంటాయి. అతను తనను 'రాజు' అని చెప్పుకోలేదు. 'పెత్తనం చేస్తున్నవాడు' అనే అర్థమొచ్చే గ్రీకు మాట వాడుకున్నాడు.

క్రీ.పూ. 2వ శతాబ్దంలో షియోంగ్నూ అనే మరో సంచార జాతి చేతిలో ఓడి, చైనా వాయవ్యాన ఉన్న పచ్చికబయళ్లు వదిలి, పిల్లాజెల్లా గొడ్డూగోదాతో పడమటి దారి పట్టిన యూచీల వారసుడతను. ఆ జనం చివరికి ఆము దర్యా ఒడ్డున, బాక్ట్రియాలో, గ్రీకులు కట్టుకున్న ఊళ్ల మధ్య స్థిరపడ్డారు. గుడారాల్లో పుట్టి పెరిగినవాళ్ల సంతతి కొన్ని తరాలకే గ్రీకు దేవత చేత దండ వేయించుకుంది. ఉజ్బెకిస్తాన్‌లోని ఖల్చయాన్‌లో పురావస్తు శాస్త్రవేత్త పుగాచెన్‌కోవా జరిపిన తవ్వకాల్లో బయటపడిన మట్టి శిల్పాల్లోనూ ఇదే ముఖం, ఇదే తల. ఆ శిల్పాల కింద పేర్లు లేవు. నాణెం మీద పేరుంది.

మధ్య ఆసియా సంచార జాతుల వెండి నాణేల మీద నాకున్న ఆసక్తి అంతా ఆ పేరు దగ్గరే మొదలైంది. శకులు, యూచీలు, పార్నీలు, కిదారులు, ఆల్ఖాన్లు, హెఫ్తలైట్లు, నేజాకులు, తురుష్కులు. వీళ్ల గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా పరాయివాళ్లు రాసిందే. చైనా ఆస్థాన చరిత్రకారులు రాశారు, గ్రీకులు రాశారు, పారశీకులు, సిరియన్లు రాశారు, మన సంస్కృత గ్రంథకర్తలు రాశారు. అందరూ ఊళ్లలో ఉండేవాళ్లు. గుర్రపు దండు ఎప్పుడొచ్చి పడుతుందోనని భయపడేవాళ్లు. ఆ రాతల్లో ఈ జనం పంటలు తగలబెట్టేవాళ్లుగా, గుళ్లు కూల్చేవాళ్లుగానే ఎక్కువగా కనిపిస్తారు. కుషాణుల శాసనాలు కొన్ని, బాక్ట్రియన్ భాషలో తోలు మీద రాసుకున్న పత్రాలు కొన్ని పక్కన పెడితే, వీళ్లు తమ నోటితో తమ గురించి చెప్పుకున్న మాట వెండి మీదే మిగిలింది. కొన్ని తెగల విషయంలో అదొక్కటే మిగిలింది. అందుకే వీటిని పోగుచేయడం తపాలా బిళ్లలు పోగుచేయడం లాంటిది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఇక్కడ నాణెం ఎక్కడ దొరికిందో చెప్పే ముక్క పోతే, ఒక జాతి చెప్పుకున్న మాటలో సగం పోయినట్టే.

నాణెం మీది ముఖం ఎంత బరువైన మాటో చైనావాళ్లు తొందరగానే గమనించారు. క్రీ.పూ. 2వ శతాబ్దం చివర్లో జాంగ్ చియాన్ యూచీల దగ్గరికి రాయబారిగా వెళ్లివచ్చాడు. అతను తెచ్చిన కబుర్ల ఆధారంగా, పార్థియా దేశంలో వెండి నాణేలుంటాయనీ, వాటి మీద రాజు ముఖం ఉంటుందనీ, రాజు పోతే నాణెం మారుస్తారనీ 'షిజీ' అనే చైనా చరిత్ర గ్రంథం చెబుతుంది. తర్వాతి 'హాన్‌షు' జిబిన్ దేశపు నాణెం గురించి రాస్తూ ఒకవైపు గుర్రపు రౌతు, రెండోవైపు మనిషి ముఖం అంటుంది. నడుమ చిల్లు పెట్టిన రాగి నాణేలు వాడే జనానికి అది వింతగా తోచి ఉంటుంది.

ఇల్లే లేనివాడికి టంకశాల ఎందుకు? ఈ ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. సంచారుల సొమ్ము మందలో ఉంటుంది, జీనులో ఉంటుంది, ఒంటి మీది బంగారంలో ఉంటుంది. 1978లో అఫ్గానిస్తాన్‌లోని తిల్యా తెపే దగ్గర సరియానిదీ తవ్విన సమాధుల్లో వేల కొద్దీ బంగారు నగలు దొరికాయి. నాణేలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. నాణెం అవసరం పడేది ఊళ్లను గెలిచాక. సైనికుడికి జీతమివ్వాలి, కోమటి దగ్గర సరుకు కొనాలి, పన్ను వసూలు చేయాలి. ఊరి జనం ఏ నాణేన్ని కళ్లకద్దుకుని తీసుకుంటారో ఆ నాణెమే కొట్టాలి. అందుకే వీళ్ల తొలి నాణేలన్నీ ముందున్నవాటికి నకళ్లు. బుఖారా ప్రాంతంలో గ్రీకు రాజు యూథిడెమస్ నాణేలకు నకళ్లు, సమర్‌కంద్ వైపు ఆంటియోకస్ నాణేలకు నకళ్లు, బాక్ట్రియాలో యూక్రటిడిస్, హీలియోక్లిస్ నాణేలకు నకళ్లు. తరం మారేకొద్దీ గ్రీకు అక్షరాలు గీతలవుతాయి, రాజు ముక్కు ముద్దవుతుంది. పాత పుస్తకాలు దీన్ని 'అనాగరికుల నకలు' అని తీసిపారేశాయి. నేను ఒప్పుకోను. ఆ నకలు ముందు చూసేది నమ్మకాన్ని నిలబెట్టడం. అంగడిలో చెల్లడం దాని పని, ఆ పని అది చేసింది.

నకలు మధ్యలో ఎక్కడో ఒక మూల కొత్త గుర్తు మొలుస్తుంది. దాన్ని తమ్గా అంటారు. మందలో గుర్రం ఎవరిదో తెలియడానికి దాని పిర్ర మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో వేసే వాత అది. పశువులకు వాతలు వేసిన ఊళ్లలో పెరిగినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు. ఆ వాతనే వీళ్లు వెండి మీద వేశారు. ముఖం పారశీక చక్రవర్తి షాపూర్‌దే కావచ్చు, లిపి గ్రీకే కావచ్చు. ఆ మూలనున్న గుర్తు మాత్రం 'ఈ సొమ్ము మాది' అంటుంది. ఈ నాణేలు చూడటం నేర్చుకునేవాళ్లు ముందు ముఖం చూడకూడదు, తమ్గా చూడాలి.

పార్నీలతో మొదలుపెడితే దారి తేలిక. క్రీ.పూ. 247 నుంచి లెక్కపెట్టుకున్న అర్షక వంశం ఈ సంచార తెగదే. తొలి అర్షకుడి ద్రాక్మా అనే వెండి నాణెం మీద చెవులు కప్పే మెత్తటి టోపీ, గడ్డం లేని ముఖం; బొరుసు వైపు విల్లు పట్టుకుని కూర్చున్న మనిషి. తర్వాత ఆ వంశం రోము సైన్యాలను ఓడించేంత సామ్రాజ్యమైంది, రాజుల టోపీలు కిరీటాలయ్యాయి, గడ్డాలు పెరిగాయి. విలుకాడు మాత్రం దాదాపు నాలుగున్నర శతాబ్దాలు బొరుసు వైపే కూర్చుని ఉన్నాడు. డేవిడ్ సెల్‌వుడ్ పట్టిక చేతిలో ఉంటే 4 గ్రాముల దగ్గర తూగే ఈ ద్రాక్మాల్లో చాలావాటిని కొత్తవాళ్లు కూడా పోల్చుకోగలరు.

శకులవి వేరే సంగతి. మావెస్, అజెస్, అజిలిసెస్ అనే రాజులు క్రీ.పూ. 1వ శతాబ్దంలో గాంధారంలో, తక్షశిలలో నాణేలు కొట్టారు. అప్పటికే అక్కడి గ్రీకు రాజులు భారతీయ తూకానికి మారారు: పెద్ద నాణెం 9.8 గ్రాముల దగ్గర, చిన్నది అందులో నాలుగో వంతు. శకులూ అదే పట్టుకున్నారు. బొమ్మ వైపు మాత్రం తల తీసేసి మొత్తం మనిషినే ఎక్కించారు: గుర్రం మీద, కవచం తొడుక్కుని, చేతిలో కొరడాతోనో ఈటెతోనో. రెండోవైపు జ్యూస్ గానీ అథీనా గానీ. ఒకవైపు గ్రీకు, ఇంకోవైపు ఖరోష్ఠిలో 'మహరజస రజరజస మహతస అయస'. గ్రీకు లోకంలో రాజు ముఖం ముఖ్యం. వీళ్లకు రాజూ గుర్రమూ విడదీయరానివి. ఆ ఒక్క మార్పులోనే పచ్చికబయళ్లన్నీ కనిపిస్తాయి.

అజెస్ నాణేలు ఈనాటికీ విరివిగా దొరుకుతాయి, ధరా అందుబాటులోనే ఉంటుంది. కాబట్టి చాలామంది సేకరణ వాటితోనే మొదలవుతుంది. అయినా అవి తేలికైనవని అనుకోకూడదు. ఈ పేరుతో ఇద్దరు రాజులున్నారని చాలాకాలం అందరూ రాశారు. 2001 నుంచి వచ్చిన తన సంపుటాల్లో రాబర్ట్ సీనియర్ అజెస్ ఒక్కడేనని వాదించారు. అచ్చులు, ఖరోష్ఠి అక్షరాల తీరు, ఒక నాణెం మీద మరో నాణెం కొట్టిన ఆనవాళ్లు వరసగా పెట్టి చూస్తే నాకూ ఆ వాదనే నిలబడుతుందనిపిస్తుంది. ఇంకోటి కూడా గమనించాలి. అజెస్ పేరున్న చివరి నాణేల్లో వెండి తగ్గుతూ, రాగి పెరుగుతూ పోతుంది. ఆ తర్వాత వచ్చిన రాజు గోండోఫారెస్ కాలానికి వెండి నామమాత్రమే. మొదటి నాణేన్నీ చివరి నాణేన్నీ పక్కపక్కన పెడితే ఖజానా ఎలా ఖాళీ అయిందో కంటికి కనబడుతుంది.

కుషాణుల దగ్గర ఆశ్చర్యం ఇంకో రకం. హెరాయోస్ పెద్ద వెండి నాణేలు, అదే ముఖంతో అర గ్రాము పైచిలుకు తూగే చిన్న ఓబోల్‌లు, సపద్‌బిజెస్ అనే మరో సరదారు సింహం బొమ్మ వేసి ననయా దేవి పేరు చెక్కించిన చిన్న నాణేలు. వీటితో యూచీల వెండి దాదాపు అయిపోతుంది. హెరాయోస్ అంటే కుషాణ సామ్రాజ్యానికి పునాది వేసిన కుజుల కడ్‌ఫిసెస్సేనని జో క్రిబ్ 1993లో వాదించారు. చాలామంది ఒప్పుకున్నారు, ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. తర్వాతి కుషాణ చక్రవర్తి విమ కడ్‌ఫిసెస్ నుంచి సామ్రాజ్యం బంగారానికీ రాగికీ మారిపోయింది. కనిష్కుడి వెండి నాణెం అంటూ ఎవరైనా చూపిస్తే రెండడుగులు వెనక్కి వేయడం మంచిది.

నేను ఎక్కువసేపు ఆగేది హూణుల దగ్గర. ఒకే పేరు కింద కనీసం నాలుగు కూటాలున్నాయి: కిదారులు, ఆల్ఖాన్లు, హెఫ్తలైట్లు, నేజాకులు. ఆ నాలుగింటినీ విడదీసి చూపించింది నాణేలే, గ్రంథాలు కావు. వియన్నా పండితుడు రాబర్ట్ గ్యోబ్ల్ 1967లో నాలుగు సంపుటాల్లో ఈ నాణేలన్నిటినీ వరసలో పెట్టి సంఖ్యలిచ్చాడు. ఈనాటికీ వేలం పట్టికల్లో హూణ నాణెం పక్కన గ్యోబ్ల్ సంఖ్య ఉంటుంది. 2014లో క్లాస్ వోండ్రోవెట్స్ రెండు సంపుటాలు ఆ పనిని మన కాలానికి తెచ్చాయి. ఈ రెండూ చూడకుండా హూణ వెండి కొనకపోవడమే మేలు.

4వ శతాబ్దం చివర్లో ఆల్ఖాన్లు కాబూల్ ప్రాంతాన్ని సస్సానిద్ పారశీకుల నుంచి తీసుకున్నారు. తొలి ఆల్ఖాన్ నాణెం మీద పారశీక చక్రవర్తి షాపూర్ ముఖమే ఉంటుంది, కిరీటం కూడా అతనిదే. పక్కన బాక్ట్రియన్ అక్షరాల్లో 'అల్ఖన్నో' అనే మాట, తెగ తమ్గా చేరాయి. టంకశాల దొరికింది, కొట్టేవాళ్లు దొరికారు, అచ్చులూ దొరికాయి. వాటి మీద తమ వాత వేసుకుని సమ్మెట దెబ్బ వేయించారు. మరో రెండు మూడు దశాబ్దాలకు షాపూర్ మాయమై సొంత ముఖం వచ్చింది. ఖింగిల రాజు నాణెం చూడండి: కిరీటం లేదు, గడ్డం లేదు, తల మాత్రం గోపురంలా పైకి లేచి ఉంటుంది. పసితనంలోనే తలకు కట్లు కట్టి అలా పెంచేవాళ్లు. ఆ తలే వాళ్లకు కిరీటం. పొరుగువాళ్లకు వెగటుగా తోచినదాన్ని వాళ్లు ఇంత గర్వంగా చెక్కించుకున్నారని ఈ నాణెమే చెబుతుంది.

వీటి వెండి పలచన. 4 గ్రాముల లోపు లోహాన్ని వెడల్పుగా సాగగొట్టి, దాని మీద లోతైన అచ్చు వేసేవాళ్లు. ముఖం పొంగి రావడానికే ఆ వెండి సరిపోయేది కాబట్టి బొరుసు వైపు అగ్నివేదిక మసకబారిపోతుంది. కొత్తగా చూసేవాళ్లు దాన్ని అరుగుదల అనుకుంటారు. అరగలేదు, అక్కడ పూర్తిగా పడనేలేదు.

హూణ రాజులుగా మనం చదువుకున్న తోరమాణుడు, మిహిరకులుడు ఈ ఆల్ఖాన్లే. మిహిరకులుణ్ని బౌద్ధ గ్రంథాలు విహారాలు నేలమట్టం చేసినవాడిగా చూపిస్తాయి. అతని వెండి మీద బ్రాహ్మీలో 'జయతు వృషధ్వజ' అని ఉంటుంది, అంటే శివుడికి జయం పలికాడు. తోరమాణుడు నడి భారతంలో కొట్టిన చిన్న వెండి నాణెం మీద గుప్తుల నెమలి పురి విప్పి ఉంటుంది. షాపూర్ ముఖంతో మొదలైన జనం రెండు మూడు తరాల్లో నెమలి దాకా వచ్చారు.

హెఫ్తలైట్ల వెండికి మూలం ఓ రాజు అప్పు. పారశీక చక్రవర్తి పేరోజ్ వీళ్ల చేతిలో చిక్కినప్పుడు 30 కంచర గాడిదల మోత వెండి ఇస్తానని ఒప్పుకున్నాడనీ, 20 మోతలే కూడాయనీ, మిగతాదానికి కొడుకు కవాద్‌ను తాకట్టుగా వదిలాడనీ సిరియన్ చరిత్ర చెబుతుంది. 484లో పేరోజ్ మళ్లీ దండెత్తి ప్రాణం పోగొట్టుకున్నాడు. కప్పంగా వచ్చిన పేరోజ్ నాణేలు మధ్య ఆసియాలో ఎంతగా నిండిపోయాయంటే, హెఫ్తలైట్లు సొంత నాణెం కొట్టాలనుకున్నప్పుడు పేరోజ్ ముఖాన్నే కొట్టారు, అంచున బాక్ట్రియన్‌లో తమ పేరు మొదటి అక్షరాలు రెండు చేర్చి. ఓడిపోయినవాడి ముఖం గెలిచినవాడి నాణెమైంది.

ఆ ముఖం ప్రయాణం అక్కడితో ఆగలేదు. హూణులతోపాటు పశ్చిమ భారతానికి దిగి, గుజరాత్, రాజస్థాన్, మాళవల్లో ఐదారు శతాబ్దాల పాటు నకలు మీద నకలుగా నడిచింది. ముక్కు గీత అయింది, కన్ను చుక్క అయింది, అగ్నివేదిక నిచ్చెన మెట్లలా మారింది. చివరికి మిగిలిన ఆ ముద్ద నాణేన్నే గధైయా అంటారు. పేరోజ్ నాణెం నుంచి గధైయా దాకా ఒక పది నాణేలు వరసగా పేర్చుకోవడం, నా దృష్టిలో, తక్కువ ఖర్చుతో చేయగల అత్యుత్తమ సేకరణ.

నేజాకుల సంగతి ఒక చిన్న పాఠం. వాళ్ల నాణెం మీద ఎద్దుతల ఉన్న రెక్కల కిరీటం కనిపిస్తుంది, పోల్చుకోవడం తేలిక. పహ్లవి అక్షరాలను తప్పుగా చదివి 'నప్కి మల్కా' అనే రాజును సృష్టించారు. అలాంటి రాజు లేడు. సరిగా చదివితే అది 'నేజాక్ షా'. లేని రాజు పేరుతో దశాబ్దాల పాటు ఎన్నో నాణేలకు చీటీలు రాశారు; పాత సేకరణల్లో ఆ చీటీలు ఇప్పటికీ కనిపిస్తాయి. నేజాకుల తర్వాత వచ్చిన తురుష్క రాజు తెగిన్ షా 728 నాటి నాణెం మీద బాక్ట్రియన్, పహ్లవి, బ్రాహ్మీ మూడు లిపులూ ఉంటాయి. ఆ తర్వాత కాబూల్‌లో 'రోము సీజర్' అనే అర్థమొచ్చే పేరు పెట్టుకున్న ఫ్రోమో కేసరో వచ్చాడు, ఆపైన ఎద్దు ఒకవైపు, రౌతు మరోవైపు ఉన్న హిందూ షాహీల వెండి వచ్చింది. అక్కడికి మన సంచారులు పూర్తిగా ఊరివాళ్లయిపోయారు.

ఇదంతా మనకెలా తెలిసింది? సగం సేకర్తల పుణ్యమే. 1827లో ఈస్టిండియా కంపెనీ సైన్యం నుంచి పారిపోయి చార్లెస్ మేసన్ అనే మారుపేరుతో అఫ్గానిస్తాన్ చేరిన మనిషి, 1830లలో బెగ్రామ్ మైదానంలో వేలకు వేల నాణేలు పోగుచేశాడు. ఎక్కడ ఏది దొరికిందో రాసుకున్నాడు. హద్దా దగ్గర ఒక స్తూపంలో సస్సానిద్, ఆల్ఖాన్ వెండీ, థియోడోసియస్, మార్సియన్, లియో అనే రోము చక్రవర్తుల బంగారు నాణేలూ కలిసి దొరికాయని అతను రాసుకున్నాడు కాబట్టే, ఆ ఆల్ఖాన్ నాణేలు 5వ శతాబ్దానివని చెప్పగలుగుతున్నాం. రోము చక్రవర్తుల ఏలుబడి ఏళ్లు తెలుసు. వాటి పక్కన పడుకున్న హూణ నాణేలకూ కాలం దొరికింది. విడిగా అమ్ముడుపోయి ఉంటే రెండూ మూగవే. అదే దశకంలో కలకత్తా టంకశాలలో పనిచేస్తున్న జేమ్స్ ప్రిన్సెప్ ఒకవైపు గ్రీకు, మరోవైపు ఖరోష్ఠి ఉన్న ఇలాంటి నాణేల సాయంతోనే ఖరోష్ఠి అక్షరాలు కూడబలుక్కున్నాడు.

మిగతా సగం కథ చెప్పుకోవడం బాధగా ఉంటుంది. అఫ్గానిస్తాన్ పక్తియా రాష్ట్రంలో మీర్ జకా అనే ఊరుంది. 1947లో అక్కడి నీటి ఊటలో నాణేలు కనబడ్డాయి. ఫ్రెంచి పురావస్తు బృందం వెళ్లి 11 వేలకు పైగా నాణేల లెక్క తేల్చి ప్రచురించింది. 1990లలో, దేశం అంతర్యుద్ధంలో కాలిపోతున్న రోజుల్లో, అదే ఊరివాళ్లు అదే చోట మళ్లీ తవ్వారు. ఈసారి వచ్చినవి టన్నుల లెక్కన, ఐదు లక్షలకు పైబడి ఉంటాయని అంచనా. ఇండో-గ్రీకులు, శకులు, పార్థియన్లు, కుషాణులు అందరూ ఒకే నీటిలో. నాణేల పండితుడు ఓస్మండ్ బొపెయారచ్చి పెషావర్ బజారులో వాటిని బస్తాల్లో చూశారు. కూర్చుని లెక్కపెట్టే వీలు ఎవరికీ లేకపోయింది. అవి విడివిడిగా లోకమంతా చెదిరిపోయాయి. లోకంలోకెల్లా అతి పెద్ద నాణేల నిధుల్లో ఒకటి, పట్టిక లేకుండా కరిగిపోయింది. 1993లో కాబూల్ మ్యూజియం మీద రాకెట్ పడి, తర్వాత అది దోపిడీకి గురై, అక్కడి నాణేల సంపద కూడా పోయింది.

ఎవరో రైతు తవ్వాడని తప్పు పట్టడం నాకు రాదు. తిండి లేని ఇంట్లో లంకెబిందెలు కనబడితే ఎవరైనా తవ్వుతారు. తప్పు కొనేవాడి వైపు చూడాలి. 'ఎక్కడిది' అని అడగకుండా కొన్న ప్రతి చేయీ తర్వాతి గుంట తవ్వడానికి కూలి ఇచ్చినట్టే. నేనూ మొదట్లో అడగలేదు. ఏళ్ల క్రితం కొన్న ఒక అజెస్ ద్రాక్మా నా దగ్గరుంది. మంచి వెండి, కొరడా వంపు కూడా చక్కగా పడింది. అమ్మినాయన్ని ఎక్కడ దొరికిందంటే భుజాలెగరేశాడు. మీర్ జకా నీళ్లలో నుంచి వచ్చిందో ఇంకెక్కడిదో చెప్పే దారి లేదు. ఆ నాణేన్ని చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఆ లోటే ముందు తగులుతుంది.

కాబట్టి కొత్తగా సేకరించాలనుకునేవాళ్లకు నేను చెప్పేది ఇదీ: పాత సేకరణల నుంచి, చీటీలూ రసీదులూ ఉన్నవాటినే కొనండి. 1970 నాటి యునెస్కో ఒప్పందానికి ముందే ప్రచురితమైన నాణెం దొరికితే ధర ఎక్కువైనా అదే నయం. మన చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని సొంతంగా దేశం దాటించకూడదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయల విలువకు మించిన ఏ నిధినైనా కలెక్టరుకు తెలియజేయాలి. పాకిస్తాన్, అఫ్గానిస్తాన్ చట్టాలూ పురావస్తువుల ఎగుమతిని ఒప్పుకోవు. ఈ చట్టాలు సేకర్తకు అడ్డు అనుకునేవాళ్లున్నారు. మీర్ జకా గుర్తున్నవాళ్లు అలా అనలేరు.

దొంగ నాణేల గురించి రెండు మాటలు. హెరాయోస్ లాంటి ఖరీదైన ముఖాలకు నకిలీలు ఎక్కువ. పోత పోసిన నాణెమైతే అంచున సన్నటి అతుకు గీత కనబడుతుంది, అక్షరాల అంచులు సబ్బుముక్కలా మెత్తగా ఉంటాయి, భూతద్దం కింద సూదిమొన గుంటలు తేలతాయి. రెండు నాణేల మీద ఒకే గీత, ఒకే పగులు ఒకేచోట ఉంటే కనీసం ఒకటి పోత. సమ్మెటతో కొట్టిన అసలు నాణెంలో వెండి నడుమ నుంచి అంచుకు పారిన సన్నటి చారలుంటాయి. తూకం వందో వంతు గ్రాము దాకా చూడాలి. నీటిలో తూచి సాంద్రత కట్టుకుంటే కల్తీ తేలుతుంది, స్వచ్ఛమైన వెండి సాంద్రత 10.5 దగ్గర ఉంటుంది. కంసాలి గీటురాయి మీద మాత్రం గీయకండి. వేల ఏళ్లు మట్టిలో ఉన్న వెండి లోపల పలుకులుగా మారి బిస్కెట్టులా పెళుసవుతుంది, కింద పడితే ముక్కలే. ఆమ్లాలతో తోమి తళతళలాడించిన నాణెం మీద చరిత్ర పొర కూడా పోతుంది. శుద్ధమైన నీరు, ఓపిక చాలు.

అన్నిటికన్నా ముఖ్యం చీటీ. బరువు, అడ్డుకొలత, బొమ్మ నిలువుకు బొరుసు ఏ వైపు తిరిగి ఉందో ఆ కోణం, ఎవరి నుంచి ఎప్పుడు, అంతకు ముందు ఎవరి దగ్గర. ఈ ఐదారు ముక్కలు రాసి నాణేన్ని దాచినవాళ్లు తమ తర్వాత వచ్చే పరిశోధకుడికి ఒక సాక్షిని అప్పగిస్తారు. నాసిక్ దగ్గర అంజనేరిలో 1980లో పి.ఎల్. గుప్తా నెలకొల్పిన నాణేల పరిశోధన సంస్థ లాంటివి ఇటువంటి చీటీల మీదే బతుకుతాయి.

నాసిక్ అన్నాక మన ఇంటి సంగతికి రాక తప్పదు. శకుల ఒక పాయ గుజరాత్, మాళవ, మహారాష్ట్రల్లో క్షత్రపులుగా పాలించింది. వాళ్ల చిన్న వెండి నాణేల మీద రాజు ముఖం చుట్టూ గ్రీకు అక్షరాలు ఉంటాయి. చివరికొచ్చేసరికి అవి ఎవరూ చదవలేని గీతలు. 2వ శతాబ్దం చివరి నుంచి రాజు తల వెనక సంవత్సరం కూడా వేశారు, 78లో మొదలైన శకం లెక్కలో. ఏ ఏడు కొట్టారో చెప్పే నాణేలు ఆ కాలపు భారతదేశంలో దాదాపు ఇవే. 2025 ఉగాదికి మన పంచాంగాలు శాలివాహన శకం 1947 అని వేసింది ఆ లెక్కలోనే. వాళ్లను ఓడించిన శాతవాహనుల పేరు ముందు తగిలించుకుని, వాళ్ల శకంతోనే మనం సంకల్పం చెప్పుకుంటున్నాం. నాగార్జునకొండ శాసనాల్లో ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి రాణి రుద్రధర భట్టారిక ఉజ్జయిని నుంచి వచ్చిన పిల్ల. క్షత్రపుల ఆడపడుచని పండితుల నమ్మకం. ఇక 'చేతిలో దమ్మిడీ లేదు' అన్నప్పుడల్లా మనం పలికేది గ్రీకు ద్రాక్మానే: ద్రమ్మగా, దామ్‌గా, దమ్డీగా చిక్కి చివరికి దమ్మిడీ అయింది.

1906లో నాసిక్ జిల్లా జోగల్‌తెంబి దగ్గర ఒక నిధి దొరికింది. అందులో 13,250కి పైగా వెండి నాణేలు, అన్నీ క్షహరాత క్షత్రపుడు నహపానుడివే. రెవరెండ్ హెచ్.ఆర్. స్కాట్ వాటిని ఒక్కొక్కటిగా చూసి రాశాడు. 9,270 నాణేల మీద శాతవాహన రాజు గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర మళ్లీ కొట్టించాడు. కరిగించలేదు, అంత తీరిక లేకపోయి ఉండాలి. నహపానుడి ముఖం మీద మూడు గూళ్ల కొండ పడింది, రెండో వైపు ఉజ్జయిని గుర్తు పడింది. ఎవరి తర్వాత ఎవరన్న ప్రశ్నకు ఆ ఒక్క నిధి జవాబిచ్చింది, ఎందుకంటే అది చెదిరిపోకముందే ఎవరో కూర్చుని లెక్కపెట్టారు.

వాటిలో ఒకదాన్ని భూతద్దం కింద పెట్టి, దీపం పక్కకు జరిపి చూడండి. ముందు కొండ కనిపిస్తుంది. వెలుగు వాలేకొద్దీ దాని కింద నుంచి ఒక ముక్కు, ఆపైన ఒక కనుబొమ, అంచున నాలుగు వంకర గ్రీకు అక్షరాలు మెల్లగా పైకి తేలతాయి.